అగ్గిపెట్టె బొమ్మలకి పైసా ఖర్చు లేని సైటు: హ్యూగో, గిట్‌హబ్ పేజెస్ వాడి చూసా

ముందు అసలు సంగతి చెప్పేస్తా, సోది తర్వాత. హాబీ కోసం సైటు పెట్టుకోవాలి, డబ్బులు పెట్టకూడదు అనుకునేవాళ్ళకి హ్యూగో అనే సాఫ్ట్‌వేర్‌తో పేజీలు తయారుచేసుకుని, గిట్‌హబ్ వాళ్ళు సైటు పెట్టుకోవడానికి ఉచితంగా ఇచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకోవడం మంచి దారి. ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద ఉంది, తెలుగులో రాసేవాళ్ళైతే అది మాత్రం వదలకుండా చదవండి, ఇంగ్లీషు రివ్యూల్లో ఆ తలనొప్పులు ఎవరూ చెప్పరు, వాళ్ళకి అవి ఉండవు కాబట్టి.

నేను కంప్యూటర్ ఫీల్డ్ వాడిని కాదు. బెజవాడ గాంధీనగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తా, ట్యాలీ, ఎక్సెల్ తప్ప ఇంకోటి తెలీదు. నా పిచ్చల్లా అగ్గిపెట్టెల మీద బొమ్మలు. చిన్నప్పుడు అందరూ ఏరుకున్నవే, మిగతావాళ్ళు పెద్దయ్యాక మానేసారు, నేను మానలేదు, అంతే తేడా. శివకాశి, కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు నించి వచ్చినవే ఎక్కువ ఉంటాయి, షిప్పు, చీతా ఫైట్ లాంటి అందరికీ తెలిసినవి కాక ఊరూ పేరూ లేని చిన్న కంపెనీలవి కూడా, ఏనుగులు, కమలాలు, గడియారాలు, ఎవరో సినిమా హీరోయిన్‌లా ఉండి కాదనిపించే మొహాలు. పాత పెట్టెలకి ఎక్సైజ్ పన్ను కట్టినట్టు గుర్తుగా ఒక కాయితం పట్టీ అంటించి ఉండేది, అది చిరక్కుండా ఉన్న పెట్టె దొరికితే ఆ రోజు నాకు పండగే. రేటు కూడా చూసుకుంటాం. 2007లో అర్ధరూపాయి నించి రూపాయి అయింది, మళ్ళీ 2021 డిసెంబర్‌లో రెండు రూపాయలు, కాబట్టి పెట్టె మీద రేటు ఉంటే అది ఏ కాలందో ఇట్టే చెప్పేయొచ్చు.

ఇవన్నీ ఆల్బముల్లోనే ఉండేవి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడినప్పుడు కింద అరలో ఉన్న ఆల్బములు బురదలో నానిపోయాయి. కాయితాలు ఒక్కోటి విడదీసి కరెంటు వచ్చాక ఫ్యాన్ కింద పరిచాం గానీ ఎరుపు రంగు పక్క కాయితానికి దిగిపోయింది, కొన్నిటికి బొమ్మ వెనక వైపుకే కనబడుతోంది. అవి పోగా మిగిలినవన్నా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి, పదిమందీ చూడాలి అని స్కానింగ్ మొదలెట్టా.

స్కానింగ్‌కి న్యాప్స్2 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడా. స్కానర్‌తో పాటు వచ్చే కంపెనీ సాఫ్ట్‌వేర్ కంటే వంద రెట్లు నయం, యాడ్స్ లేవు, అకౌంట్ పెట్టమని అడగదు, డబ్ల్యూఐఏ, ట్వెయిన్ అని రెండు దారుల్లో స్కానర్‌ని పలకరిస్తది, ఒకదాంట్లో పలక్కపోతే రెండోదాంట్లో పలుకుద్ది. ఇక్కడ ఒక చిట్కా. లేబుల్ చిన్నది కదా అని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే అచ్చు చుక్కలూ స్కానర్ గీతలూ కలిసి చీరమీద అలల్లాగా గళ్ళు గళ్ళుగా వస్తాయి. 600లో చేసి తర్వాత సైజు తగ్గిస్తే పోతాయి. పేర్లు మార్చడానికి, సైజులు తగ్గించడానికి ఇర్ఫాన్‌వ్యూ, 1996 నించీ ఉన్న సాఫ్ట్‌వేర్, ఇంట్లో వాడుకుంటే ఉచితం, బ్యాచ్‌లో పెట్టి టీ తాగొచ్చేసరికి అయిపోద్ది.

ఇక హోస్టింగ్, అంటే సైటు పెట్టుకునే చోటు. మొదట పాత పద్ధతిలో ఉచితంగా పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ (సర్వర్ మీద పేజీ తయారుచేసే భాష, వివరాలు దాచే డేటాబేస్) ఇస్తాం అనేవాళ్ళ దగ్గర పెట్టా, పేరు ఎందుకులెండి. సైటు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో ఎక్కింది, థీమ్ (సైటు పైరూపం) పెట్టా, ఫోటోలు ఎక్కించా, బ్రహ్మాండంగా ఉందని మా వాళ్ళందరికీ పంపా. అంతమంది ఒక్కసారి తెరిచేసరికి ఆ రోజు కోటా అయిపోయిందని సైటు బదులు వాళ్ళ ప్రకటనల పేజీ వచ్చింది. సరే ఉచితం కదా అని సర్దుకున్నా. తర్వాత మార్చి నెల, మా ఆఫీసులో తల ఎత్తే టైం ఉండదు, అటువైపు చూడలేదు, చూసేసరికి వాడకం లేదని అకౌంట్ ఆపేసారు. ఫిర్యాదు పెడితే డబ్బులు కట్టే ప్లాన్ తీసుకోమని జవాబు. బొమ్మలు నా దగ్గర ఉన్నాయి సరే, ఒక్కో బొమ్మ కింద రాసుకున్న వివరాలన్నీ ఆ డేటాబేస్‌లో ఉండిపోయాయి, అవి మాత్రం రాలేదు.

అద్దె ఇంట్లో ఉండటం తప్పు కాదు, ఖాళీ చెయ్యమన్నప్పుడు సామాను మనతో వస్తదా రాదా అన్నదే లెక్క. ఉచిత హోస్టింగ్ అంటే అందరూ ఎంత జీబీ ఇస్తారని చూస్తారు, నేనూ అదే చూసా, చూడాల్సింది అది కాదు. ఎందుకంటే ఇవి మూతపడటం కొత్తేం కాదు. జియోసిటీస్ 1994లో మొదలైంది, 1999లో యాహూ కొనుక్కుంది, 2009లో అమెరికాలో మూసేసారు, జనం ప్రేమగా పెట్టుకున్న పేజీలు ఎన్ని పోయాయో. హెరోకూ 2022 నవంబర్‌లో ఉచిత ప్లాన్ తీసేసింది. 000వెబ్‌హోస్ట్ 2024లో మూతపడింది, దాన్నించి అంతకుముందే 2015లో కోటీ ముప్పై లక్షలకి పైగా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి, అవీ దాచిపెట్టకుండా ఉన్నవి ఉన్నట్టు. డాట్ టీకే, డాట్ ఎంఎల్ లాంటి డొమైన్లు ఊరికే ఇచ్చిన ఫ్రీనామ్ కూడా ఆ పని మానేసింది. కాబట్టి రేపు ఏది మూసినా ఫోల్డర్ తీసుకుని పక్కవాడి దగ్గర పెట్టుకునేలా ఉండాలి అని గట్టిగా అనుకున్నా.

అప్పుడు మా మేనల్లుడు, కానూరులో బీటెక్ చదువుతున్నాడు, "మామయ్యా నీకు డేటాబేసే అక్కర్లేదు, నీ బొమ్మలు రోజూ మారతాయా ఏంటి, స్టాటిక్ సైటు పెట్టుకో" అన్నాడు. అదేంట్రా అంటే, పేజీలు మన కంప్యూటర్‌లోనే తయారైపోయి ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళుగా ఉంటాయంట, సర్వర్ చేసేదల్లా అడిగినవాడికి అవి అందించడమే. తయారుచేసి పెట్టేది హ్యూగో. 2013లో వచ్చింది, గో భాషలో రాసారు, ఒకటే ఎక్స్ఈ ఫైలు, ఇన్‌స్టాల్ తతంగం ఏమీ లేదు. దింపుకునేటప్పుడు ఎక్స్‌టెండెడ్ అని ఉన్నదే తీసుకోండి, చాలా థీములకి అదే కావాలి. నల్ల తెర మీద టైప్ చెయ్యాలంటే మొదట్లో భయమేసింది, డాస్‌లో అకౌంట్స్ చేసిన రోజులు గుర్తొచ్చాయి, కానీ రోజూ కావాల్సింది ఒకటే, హ్యూగో సర్వర్ అని కొట్టడం. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 1313 తెరిస్తే సైటు మన ల్యాప్‌టాప్‌లోనే కనబడుద్ది, ఇటు ఫైలులో ఒక అక్షరం మార్చి సేవ్ చేస్తే అటు పేజీ దానంతటదే మారిపోద్ది. స్పీడ్ విషయంలో వంక పెట్టడానికి లేదు, నా సైటు మొత్తం కళ్ళు మూసి తెరిచేలోపు తయారైద్ది, బొమ్మల సైజులు తగ్గించే మొదటిసారి మాత్రం కొంచెం సేపు తీసుకుంటది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎక్సెల్ సంగతి. నా జాబితా అంతా ఎక్సెల్‌లో ఉంది, పేరు, బొమ్మ, ఊరు, రేటు, ఎప్పుడు దొరికింది అని. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) ఇస్తే ఒక్కో వరుసకి ఒక్కో పేజీ తయారైపోద్ది, ఈ సౌకర్యం హ్యూగోలో 2024లో వచ్చింది, కంటెంట్ అడాప్టర్లు అంటారు, ఆ ముక్క మాత్రం మావాడే రాసిపెట్టాడు, నా వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఏ పుస్తకం మధ్యలోనో ఒక లేబుల్ దొరికితే ఎక్సెల్‌లో ఒక వరుస కొట్టి, ఫోల్డర్‌లో బొమ్మ పడేస్తే పేజీ వచ్చేస్తది. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు ఉత్త సీఎస్‌వీ అని ఒకటి, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఒకటి ఉంటాయి. మొదటిది నొక్కారా, తెలుగంతా ప్రశ్న గుర్తులైపోద్ది. రెండోదే నొక్కాలి. బాగా పాత వివరాలు కొన్ని డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినవి ఉన్నాయి, బెజవాడలో అప్పట్లో అంతా అదే కదా, అవి ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కావు, కన్వర్టర్‌లో వేసి తర్వాత వత్తులు ఒక్కోటి కళ్ళతో సరిచూసుకోవాల్సిందే.

హ్యూగోలో తికమక పెట్టేవి ఇంకో రెండున్నాయి. కొత్త పేజీ పైన డ్రాఫ్ట్ ట్రూ అని దానంతటదే రాసుకుంటది, అది ఫాల్స్ అని మార్చకపోతే సైటులో పేజీ కనబడదు. రెండోది టైం. తేదీ పక్కన టైం వేసి టైంజోన్ వెయ్యకపోతే అది గ్రీన్‌విచ్ టైం అనుకుంటది, అంటే మనం రాత్రి 9 గంటలని వేసిన పేజీని భవిష్యత్తులో పేజీ కింద లెక్కేసి తెల్లవారుజాము రెండున్నర దాటితే గానీ ప్రచురించదు. సెట్టింగ్స్‌లో ఏషియా స్లాష్ కోల్‌కతా అని ఒక్కసారి పెట్టేస్తే గొడవ వదిలిపోద్ది.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్క మార్కు. థీములు వందల కొద్దీ ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, కానీ అన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని చూసి కుట్టిన చొక్కాలే. తెలుగు పెడితే లైన్ల మధ్య ఎడం చాలదు, పై లైన్‌లో వత్తు వచ్చి కింద లైన్‌లో గుడి మీద కూర్చుంటది. హెడ్డింగుల్లో అయితే "స్త్రీ బొమ్మ" అన్న చోట కింద రావత్తు సగం కోసేసినట్టు వచ్చింది. లైన్ హైట్ 1.7, 1.8 దాకా పెంచితే గానీ ఊపిరాడలేదు. కొన్ని థీములు స్టైల్ కోసం హెడ్డింగుల్లో అక్షరాలకీ అక్షరాలకీ మధ్య ఎడం పెడతాయి, అది తెలుగుకి వద్దే వద్దు, తీసేయండి. ఫాంట్లు మాత్రం కొదవ లేదు, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సూరన్న ఇలా బోలెడు ఉచితంగా ఉన్నాయి. నేను హెడ్డింగులకి రామభద్ర, లోపల మండలి పెట్టా. రామభద్ర పాత గోడ పోస్టర్ అక్షరంలా దిట్టంగా ఉంటది, అగ్గిపెట్టెల సైటుకి అతికినట్టు కుదిరింది.

ఇంకోటి లింకులు. పేజీ పేరు తెలుగులో ఉంటే హ్యూగో లింకు కూడా తెలుగులోనే చేస్తది, బ్రౌజర్ పైన చూస్తే ముచ్చటేస్తది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే చూడాలి మీ మొహం. ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు అన్నీ తలా మూడు బైట్లు, ఒక్కో బైటుకీ ఒక పర్సంట్ గుర్తూ దాని వెనక రెండు అంకెలో ఇంగ్లీషు అక్షరాలో, అంటే ఒక్కోదానికి 9 గుర్తులు. "అగ్గిపెట్టె" అన్న ఒక్క మాట లింకులో 99 గుర్తులైంది. మా పెదనాన్న గారికి పంపితే వైరస్ అనుకుని నొక్కలేదు, ఫోన్ చేసి మరీ నీ నంబర్ ఎవడో హ్యాక్ చేసాడు చూసుకో అన్నారు. అందుకని పేరు తెలుగులో ఉంచి లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకునేలా ఎక్సెల్‌లోనే ఒక కాలమ్ కలిపా.

గిట్‌హబ్ పేజెస్ గురించి. సైటు 1 జీబీ దాటకూడదు, నెలకి 100 జీబీ దాకా జనం చూడొచ్చు, వ్యాపారానికి వాడకూడదు, ఉచిత అకౌంట్ అయితే ఫైళ్ళు అందరికీ కనబడేలా ఉండాలి. యాడ్స్ లేవు, అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉచితంగానే వస్తది. 1 జీబీ అంటే తక్కువనిపిస్తది గానీ నా లేబుల్ ఒక్కోటి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చాక 60, 70 కేబీ కంటే లేదు, ఇంకో జన్మకి సరిపడా ఏరినా నిండదు. 600 డీపీఐ అసలు స్కాన్లు మాత్రం అందులో పెట్టకండి, ఎందుకంటే గిట్‌లో (గిట్‌హబ్ వెనక ఉండి ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఒకసారి ఎక్కించిన ఫైలు తర్వాత తీసేసినా చరిత్రలో ఉండిపోద్ది, బరువు తగ్గదు. అవి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, మా చెల్లి వాళ్ళింట్లో గుంటూరులో ఒక కాపీ. అందరికీ కనబడతాయి అన్నాను కదా, నా ఎక్సెల్‌లో అమ్మినవాళ్ళ ఫోన్ నంబర్లు, ఎంతకి కొన్నానో రేట్లు ఉండేవి, ఆ కాలమ్స్ వేరే ఫైలులోకి తీసేసాకే ఎక్కించా, చరిత్ర సంగతి దానికీ వర్తిస్తది మరి.

ఎక్కించడానికి గిట్‌హబ్ డెస్క్‌టాప్ వాడండి, కమాండ్లు అక్కర్లేదు, మార్పుని నమోదు చెయ్యడానికి కమిట్ అని ఒకటి, దాన్ని గిట్‌హబ్‌కి పంపడానికి పుష్ అని ఒకటి, రెండు బటన్లు. ఆ నల్ల తెర మీదే (కమాండ్ లైన్) చేస్తా అనే పట్టుదల ఉన్నవాళ్ళు ఒకటి తెలుసుకోండి, అక్కడ అకౌంట్ పాస్‌వర్డ్ 2021 ఆగస్టు నించి పనిచెయ్యదు, దాని బదులు టోకెన్ అనే కోడ్ తీసుకోవాలి. పుష్ కొట్టాక గిట్‌హబ్ వాళ్ళ కంప్యూటర్‌లో కూడా హ్యూగో నడిచి పేజీలు తయారవుతాయి, ఒకటి రెండు నిమిషాల్లో సైటు మారుద్ది, బ్రౌజర్‌లో పాతదే దాచుకుని ఉంటే పది నిమిషాలు కూడా పట్టొచ్చు, కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కకండి.

ల్యాప్‌టాప్‌లో అన్ని బొమ్మలూ వచ్చి, సైటులో సగం రాకపోతే ముందు చూడాల్సింది ఫైలు పేరు. స్కానర్ చివర డాట్ జేపీజీ అని పెద్ద అక్షరాల్లో పెడితే, మనం ఎక్సెల్‌లో చిన్న అక్షరాల్లో రాస్తాం. విండోస్‌కి రెండూ ఒకటే, గిట్‌హబ్ వాళ్ళ కంప్యూటర్లలో ఉండేది విండోస్ కాదు లైనక్స్, దానికి రెండూ వేరు. పోనీ పేరు చిన్న అక్షరాల్లోకి మార్చి పంపుదాం అంటే విండోస్‌లో ఉన్న గిట్ అసలు ఏమీ మారలేదే అంటది! ముందు వేరే ఏదో పేరు పెట్టి కమిట్ చేసి, మళ్ళీ సరైన పేరు పెట్టి కమిట్ చేస్తే అప్పుడు ఒప్పుకుంటది. ఇది మా మేనల్లుడికి కూడా తెలీదు, నేను చెప్పా వాడికి, కొంచెం గర్వంగానే.

మిగతావి క్లుప్తంగా. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ కూడా ఉచితమే, జనం ఎంతమంది చూసినా లెక్క లేదు, ఫైలు ఒక్కోటి 25 ఎంబీ దాటకూడదు, మొత్తం 20,000 ఫైళ్ళు, నెలకి 500 సార్లు మార్చుకోవచ్చు. నా లెక్కలో ఒక లేబుల్‌కి పేజీ ఒకటి, బొమ్మ మూడు సైజుల్లో, అంటే 4 ఫైళ్ళు, 5,000 లేబుళ్ళ దాకా ఇబ్బంది లేదు. అదే ఫోల్డర్‌ని అక్కడ కూడా పెట్టి చూసా, నిమిషాల్లో లేచింది. రేపు ఒకటి మూసినా రెండోది ఉంటదన్న ధీమా వచ్చింది, నాకు కావాల్సిందీ అదే. నియోసిటీస్ అని 2013 నించి ఉంది, 1 జీబీ ఇస్తారు, యాడ్స్ లేవు, పాతకాలం సైట్ల సరదా ఉన్నవాళ్ళకి బాగుంటది, చేత్తో హెచ్‌టీఎంఎల్ రాసుకోవాలనే ఓపిక ఉంటే పిల్లలకి నేర్పడానికి అదే మంచిది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో వాళ్ళ యాడ్స్ వస్తాయి. రాయడమే తప్ప ఈ ఫైళ్ళ గొడవ మాకొద్దు అనేవాళ్ళు బ్లాగర్‌కి వెళ్ళండి, 2003 నించి గూగుల్ చేతిలో ఉంది, పాతబడింది గానీ పనిచేస్తది, సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఉంటది, అప్పుడప్పుడు దింపుకుని పెట్టుకోండి చాలు.

నాకు ఇంకా కుదరనివి రెండు. ఫోన్ నించి కొత్త లేబుల్ ఎక్కించడం నరకం, ఫోన్‌లో గిట్‌హబ్ తెరిచి సీఎస్‌వీలో ఒక కామా అటూ ఇటూ అయితే పేజీలన్నీ ఆగిపోతాయి, పాత సైటు అలాగే ఉంటది అనుకోండి, కానీ కొత్తది రాదు, ఎర్ర గుర్తు చూపించి ఏదో ఇంగ్లీషులో తిడతది. అందుకని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడే చేస్తున్నా. రెండోది వెతకడం. ఏనుగు అని కొడితే ఏనుగులు ఉన్నవి రావాలి, "ఏనుగుల జోడి" రావాలి, "గజరాజు" కూడా రావాలి. స్టాటిక్ సైటుకి పేజ్‌ఫైండ్ అని ఉచిత సెర్చ్ ఒకటుంది, పెట్టడం తేలికే, కానీ తెలుగు మాట చివర మారితే పట్టుకోలేకపోతోంది. ప్రస్తుతానికి ప్రతి లేబుల్‌కీ బొమ్మ పేరుతో ట్యాగులు పెట్టుకుంటూ పోతున్నా, ఏనుగు అయ్యింది, పులి అయ్యింది, ఓడల దగ్గరున్నా.